పడవ తిరిగి రావాలి

(గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారి స్మృతికి అంకితంగా తెనాలిలో చేసిన స్మారకోపన్యాసం. ముద్రిత పాఠం.)



పాతూరి నాగభూషణం గారు 1907లో పుట్టి 1987 దాకా బతికారు. ఆయన ఊరు పెదపాలెం, ఇక్కడికి దగ్గరే, దుగ్గిరాల మండలం. ఆయన పేరు చెబితే గ్రంథాలయాల వాళ్లకు విజయవాడ సర్వోత్తమ గ్రంథాలయం గుర్తొస్తుంది, ‘గ్రంథాలయ సర్వస్వం’ పత్రిక గుర్తొస్తుంది, గ్రంథపాలకులుగా శిక్షణ పొందిన యువకులు గుర్తొస్తారు. ఆయన చేసిన పనుల్లో ఇవాళ నేను ఒక్కదాన్నే పట్టుకుని మాట్లాడతాను. 1935లో ఆయన పెదవడ్లపూడికీ కొల్లూరుకీ మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపారు. బడి లేని ఊళ్లకు, రోడ్డు లేని ఊళ్లకు కాలువ ఉంది కదా అని పుస్తకాలను పడవెక్కించారు.

మా నాన్నగారిది కొల్లూరు పక్క పల్లె. కాలువల మీద పడవలు తిరిగిన రోజులు ఆయన చూశారు. నా చిన్నప్పుడు ఆయన చెప్పిన సంగతి ఒకటి ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టుంటుంది. పడవ కిందికి, అంటే కొల్లూరు వైపు పోయేటప్పుడు నీరే తీసుకుపోతుంది. సరంగు గెడ పట్టుకుని దారి చూసుకుంటే చాలు. పైకి రావాలంటే మాత్రం మనుషులు గట్టు మీద నడుస్తూ, తాడు భుజాన వేసుకుని, వంగి లాగాలి. లాకుల దగ్గర ఆగి, నీళ్లు నిండేదాకా కాచుకుని, పడవ పైమట్టానికి లేచాక మళ్లీ లాగాలి. గట్ల మీద ఆ తాడు లాగేవాళ్ల అడుగులు పడీ పడీ బాట తేలి ఉండేదట.

పుస్తకాల పడవకైనా ఇదే కదా. ఇచ్చిన పుస్తకం వెనక్కి పుచ్చుకోవాలి. చదివినవాళ్లు ఇంకేం అడిగారో విని, మళ్లీసారి అది వేసుకురావాలి. ఆ పడవ ఒక్కసారి కిందికి పోయి అక్కడే ఉండిపోతే దాన్ని గ్రంథాలయం అనం.

బోధనలో ఆన్‌లైన్ వనరుల గురించి, ఉపాధ్యాయుల డిజిటల్ బృందాల గురించి మాట్లాడమని నన్ను పిలిచినప్పుడు, నాకు మొదట తోచింది ఈ తాడు లాగేవాళ్లే. ఈ పదేళ్లలో మన బడులకు పైనుంచి వచ్చినంత పాఠ్యసామగ్రి అంతకుముందు వందేళ్లలో రాలేదు. 2017 సెప్టెంబరు 5న దీక్షా వేదిక వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. ఫోను పెడితే వీడియో తెరుచుకుంటుంది. తరగతి గదుల్లో స్మార్ట్ టీవీలు, పెద్ద తాకుతెరలు వచ్చాయి. స్వయం, ఎన్‌పీటెల్ పాఠాలు కాలేజీ పిల్లలకు అందుతున్నాయి. ఇవన్నీ మంచివే, నేను వాడాను, మీరూ వాడుతున్నారు. కానీ ఇవన్నీ ప్రవాహం వాలున కిందికి వచ్చినవి. తరగతి గదిలో ఆ వీడియో చూసిన పిల్ల ఏమడిగింది, ఏ మాట దగ్గర ఆగిపోయింది, మా ఊళ్లో అలా ఉండదు టీచర్ అని ఎందుకంది అన్నది పైకి వెళ్లే దారి మాత్రం లేదు. ఆ దారి వేసేది ఉపాధ్యాయుల బృందమే. ఇవాళ నేను చెప్పదలచిందంతా ఇంతే, మిగిలిన సమయమంతా దాన్ని వివరించడానికే.

నా ఉద్యోగమంతా తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల హైస్కూళ్లలోనే గడిచింది. ఫిజికల్ సైన్స్ చెప్పాను. రేపల్లె దిగువన సముద్రం వైపు పనిచేసిన రోజుల్లో ఒకసారి ఆటుపోట్ల గురించి చెప్పాల్సి వచ్చింది. ఆన్‌లైన్‌లో మంచి వీడియో దొరికింది. కెనడాలో ఫండీ అఖాతం. అక్కడ పోటు 16 మీటర్ల దాకా లేస్తుంది, ప్రపంచంలోనే పెద్దది. ఉదయం బురదలో కూర్చున్న పడవలు మధ్యాహ్నానికి మూడు నాలుగంతస్తుల ఎత్తుకు తేలతాయి. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. వీడియో అయిపోయాక వెనక బెంచీలోంచి ఒకబ్బాయి లేచాడు. వాళ్ల నాన్న, తాత నిజాంపట్నం రేవులో వేటకు వెళ్లేవాళ్లు.

‘టీచర్, మా రేవులో ఇంత రాదు. ఇది అబద్ధమా?’

అబద్ధం కాదురా అన్నాను. ‘మరి మాకెంతొస్తుంది?’ అన్నాడు. నాకు తెలియదు. పుస్తకంలో లేదు. ‘మా తాత తిథి చూసి చెప్పేస్తాడు టీచర్, ఏ పొద్దు పోటో ఏ పొద్దు పాటో’ అన్నాడు.

ఆ రాత్రి మా సైన్స్ టీచర్ల గ్రూపులో ఈ సంగతి రాశాను. అప్పటికి మా గ్రూపులో తెనాలి, వేమూరు, రేపల్లె, బాపట్ల మండలాల వాళ్లు కలిపి ముప్పై మందికి పైగా ఉన్నాం. ఎవరూ పెట్టమంటే పెట్టిన గ్రూపు కాదు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో పరిచయమైన కొందరం చందాలేసుకుని లెన్సులు, లిట్మస్ కాగితాలు తెప్పించుకునేవాళ్లం. ఆ లెక్కల కోసం మొదలైంది. నా ప్రశ్నకు బాపట్ల వైపు నుంచి ఒక మాష్టారు జవాబు రాశారు: కొలిచి చూడండి, పదిహేను రోజులు, అమావాస్య నుంచి పున్నమి దాకా.

కొలిచాం. వెదురు గెడకు జానెడుకో ఎర్ర రంగు గీత పెట్టి రేవు పక్కన పాతాం. రేవు దగ్గర ఇళ్లున్న పిల్లలు పొద్దున్నే, సాయంత్రం చూసి రాసేవాళ్లు. బడి ఉన్న వేళ ఇద్దరేసి వంతులు. మొదటి నాలుగు రోజుల లెక్క గందరగోళంగా వచ్చింది. ఎందుకంటే అందరూ గడియారం టైము ఒకేలా పెట్టుకుని అదే గంటకు చూస్తున్నారు. పోటు రోజూ ఒకే గంటకు రాదు. ఇవాళ్టి కంటే రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, చంద్రోదయం ఆలస్యమైనట్టే. ఈ మాట నేను పుస్తకంలో చదివి పరీక్షలో రాసినదాన్నే. గెడ దగ్గర నిలబడి మా పిల్లలు కనిపెట్టేదాకా నాకు మాత్రం అది ఒట్టి అంకె. అమావాస్యకు, పున్నమికి నీరు బాగా లేచింది, నడుమ అష్టమి రోజుల్లో తగ్గింది. మొత్తం మీద మా గెడ మీద తేడా నాలుగడుగుల లోపే. ఆ అబ్బాయి తాతగారు చెప్పిన తిథులకూ మా గీతలకూ పొంతన కుదిరింది. తూర్పు గాలి బలంగా వీచిన రోజు మాత్రం నీరు లెక్క కంటే పైకొచ్చింది. అది కూడా ఆయన ముందే అన్నారు.

ఆ అంకెల పట్టికను ఫొటో తీయకుండా, అక్షరం అక్షరం టైపు చేసి గ్రూపులో పెట్టాను. ఎందుకు టైపు చేశానో తర్వాత చెబుతాను. తెనాలిలో పనిచేసే ఒక టీచర్ దాన్ని తన తొమ్మిదో తరగతికి గ్రాఫు గీయడానికిచ్చారు. తెనాలి పిల్లల్లో సముద్రం చూసినవాళ్లు చాలామందే ఉన్నారు, సూర్యలంకకు విహారయాత్రలు వెళతారు. పోటు మాత్రం ఎవరూ చూడలేదు, ఎందుకంటే అది చూడాలంటే అక్కడ పూటంతా ఉండాలి. గ్రాఫు గీశాక వాళ్లలో ఒకమ్మాయి అడిగింది, చంద్రుడు ఒక్కడే కదా, రోజుకు రెండుసార్లు పోటెందుకు వస్తోందని. తెనాలి టీచర్ ఆ ప్రశ్నను మాకు పంపారు. మా రేవు పిల్లలు తలలు పట్టుకున్నారు. వాళ్లకు రెండు పోటులు పుట్టుకతో తెలుసు, అది ఎప్పుడూ ప్రశ్న కాలేదు. నిజం చెప్పాలంటే నేనూ తడబడ్డాను. బాపట్లలో కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మిత్రులొకరు ఒక ఆదివారం పొద్దున కూర్చుని వివరించారు: చంద్రుడు తనవైపున్న నీటిని భూమి కంటే గట్టిగా లాగుతాడు, అవతలివైపు నీటిని భూమి కంటే మెత్తగా లాగుతాడు. లాగుడులో ఉన్న ఆ తేడా వల్లనే రెండు వైపులా ఉబ్బు వస్తుంది. ఆయన కాగితం మీద మూడు బాణాలు గీసి పంపారు. అదే బొమ్మ మా రేవు పక్కన ఇసుకలో మళ్లీ గీశాం.

ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, డిజిటల్ బృందం అన్న మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే గనక. కెనడా వీడియో లేకపోతే ఈ ప్రశ్న పుట్టేది కాదు. వీడియోతోనే ఆగితే ఆ అబ్బాయి మనసులో అది అబద్ధంగానే మిగిలిపోయేది. రేవు, తెనాలి, బాపట్ల మధ్య ఆ ప్రశ్న మూడు సార్లు అటూ ఇటూ తిరిగింది. తిరిగిన ప్రతిసారీ ఒకరు తాడు భుజాన వేసుకున్నారు. నేను నిద్ర మానుకుని టైపు చేశాను, ఒక లెక్చరర్ ఆదివారం ఇచ్చారు.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడ్డాక రేపల్లె, బాపట్ల ఆ జిల్లాలోకి వెళ్లాయి, తెనాలి గుంటూరులో ఉండిపోయింది. ఆఫీసు గ్రూపులన్నీ జిల్లాల వారీగా విడిపోయాయి. మా గ్రూపు విడిపోలేదు. ఆటుపోట్లకు జిల్లా సరిహద్దు లేదు కదా అని ఎవరో అన్నారు, అలాగే ఉంచేశాం.

ఇలాంటి పని కంప్యూటర్లతో పుట్టిందని ఎవరైనా అనుకుంటే వాళ్లకు ఒక పాత సంగతి చెప్పాలి. 1980లలో, 90లలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచింది. పెద్ద టీచర్లంతా దాన్ని ఏపెప్ అనేవాళ్లు. ఆ పథకం కింద పది పన్నెండు బడులకు కలిపి ఒక ఉపాధ్యాయ కేంద్రం ఉండేది. అక్కడ టీచర్లు కూడి, తాము చేసిన బొమ్మలు, గింజలతో లెక్కలు, పిల్లలు గీసినవి గోడల మీద పెట్టుకుని చూసుకునేవాళ్లు. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక సీనియర్ టీచరమ్మ ఆ కేంద్రంలో చింతగింజలతో భిన్నాలు చెప్పడం చూపించారు. నేటి స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు ఆ కేంద్రాల వాసన ఇంకా కొంత ఉంది. ఆ కేంద్రాల్లో లోటు ఒక్కటే: ఆ చింతగింజల పాఠం ఆ గోడ దాటి పక్క మండలానికి వెళ్లలేదు. గోడ మీద కాగితం వానకు తడిసి పోయింది. డిజిటల్ సాధనం ఆ లోటు తీర్చగలదు. తీరుస్తోందా అన్నదే ఇప్పటి ప్రశ్న.

2020 మార్చిలో బడులు మూతపడ్డప్పుడు అందరం ఈ ప్రశ్నను ఒక్కసారిగా ఎదుర్కొన్నాం. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి. పదో తరగతికి ‘విద్యామృతం’ చాలామంది పిల్లలు చూశారు. మిగతాదంతా ఫోను మీదే. మన రాష్ట్రంలో 9, 10 తరగతులు మళ్లీ తెరుచుకున్నది ఆ ఏడాది నవంబరు 2న. ఆ ఏడెనిమిది నెలలు కృష్ణ ఒడ్డు లంక గ్రామాల పిల్లలు ఎలా చదివారో నాకు తెలుసు. ఇంటికి ఒక ఫోను, అది నాన్న జేబులో. నాన్న పనికి పోయి రాత్రి ఎనిమిదింటికి వస్తాడు. వచ్చాక మొదట తమ్ముడికి, తర్వాత అక్కకి. అక్క చేతికి వచ్చేసరికి బ్యాటరీ ఉండదు, లేదా నిద్రొస్తుంది. సిగ్నల్ కోసం గట్టెక్కిన పిల్లలున్నారు. దేశమంతటి గ్రామీణ విద్యార్థుల్ని అడిగిన అసర్ సర్వేలో, ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉన్న పిల్లలు 2018లో 36.5 శాతం ఉంటే 2021కి 67.6 శాతానికి పెరిగారు. పెరిగిన మాట నిజమే. ఇంట్లో ఫోనున్న పిల్లల్లోనూ నాలుగో వంతుకు పైగా పిల్లలకు అది చదువుకోవడానికి చేతికే రాలేదని కూడా అదే సర్వే చెప్పింది. అందులో ఆడపిల్లలు ఎందరో నేను విడిగా లెక్కపెట్టలేదు గానీ, మా తరగతిలో ఎవరెవరో నాకు పేర్లతో సహా తెలుసు.

అప్పుడు మా గ్రూపు నేర్చుకున్నది చిన్న సంగతే. పది నిమిషాల వీడియో పంపితే తెరుచుకోదు. మూడు నిమిషాల మాట రికార్డు చేసి పంపితే తెరుచుకుంటుంది, తల్లి అన్నం వండుతూ వింటుంది, నలుగురు పిల్లలు ఒక ఫోను చుట్టూ కూర్చుని వింటారు. కాబట్టి మేం మాటలే పంపాం. ‘ఇంట్లో ఉన్న మూడు పుల్లటి వస్తువులు తెచ్చుకోండి, పసుపు నీళ్లలో వేయండి, తర్వాత కొంచెం సున్నం వేయండి, రంగు ఏమైందో రేపు చెప్పండి.’ పుల్లటివాటికి మారని పసుపు సున్నానికి ఎర్రబడుతుందని ఏ ఇంటి గడప చూసినా తెలుస్తుంది. ఆ పాఠానికి వచ్చినన్ని జవాబులు మరే వీడియోకీ రాలేదు.

తర్వాత 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు వచ్చాయి. ఒక ప్రైవేటు కంపెనీ పాఠాలు అందులో నింపి ఇచ్చారు. పిల్లల కళ్లలో వెలుగు నేను చూశాను, దాన్ని తక్కువ చేసి చెప్పను. పేద పిల్లల చేతికి ఒక పరికరం రావడమే పెద్ద సంగతి. కానీ ఆ పాఠాల్లో ఒక్క వాక్యం మార్చే వీలు మాకు లేదు. ఒక ఉదాహరణ పిల్లలకు అర్థం కావడం లేదని చెప్పడానికి అవతల మనిషి లేడు. ఆ కంపెనీ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఊరి కాలువలో పడవ ఎవరిదో, అది రేపు నడుస్తుందో లేదో అన్నది పుస్తకాలు అరువు తెచ్చుకునేవాళ్లు పట్టించుకోవలసిన సంగతే. విద్యకు సంబంధించి ఈ విషయం మరింత గట్టిగా పట్టించుకోవాలి.

అందుకే నేను ‘తెరిచి ఉంచిన’ వనరుల పక్షం. తెరిచి ఉంచడం అంటే ఉచితంగా చూడనివ్వడం ఒక్కటే కాదు. కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మన మాటల్లోకి తిప్పుకోవచ్చు, మళ్లీ పంచవచ్చు అని రాసిన మనిషి ముందే అనుమతి ఇచ్చి ఉండాలి. దీన్ని క్రియేటివ్ కామన్స్ లైసెన్సు అంటున్నారు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ 2015 సెప్టెంబరు 8న ఇలాగే మొదలైంది. అందులో తెలుగు కథలున్నాయి, మనం వాటిని మన పిల్లల మాటల్లోకి తిరగరాసుకోవచ్చు. నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడోలో మొదలుపెట్టిన ఫెట్ ప్రయోగాలు తెర మీద విద్యుత్తు, కాంతి, ఊయల కదలికలు చూపిస్తాయి, కొన్నిటికి తెలుగు రూపాలూ ఉన్నాయి. ఎవరో టీచర్లు కూర్చుని ఆ తెలుగు మాటలు పెట్టారు గనకే ఉన్నాయి. యునెస్కో 2019లో ఈ తెరిచిన వనరుల మీద దేశాలన్నిటికీ సిఫారసు చేసింది. మన పక్కనే కర్ణాటకలో ప్రభుత్వ హైస్కూలు టీచర్లు సబ్జెక్టుల వారీగా 2011 నుంచి బృందాలుగా కలిసి, తమ పాఠాలను కన్నడంలో ఒక వికీలో పోగుచేసుకున్నారు. తెలంగాణలో టాటా ఇన్‌స్టిట్యూట్, ఎంఐటీ కలిసి నడిపిన క్లిక్స్ పథకంలో గ్రామీణ హైస్కూళ్ల టీచర్లు ఒకరి తరగతి గది మరొకరికి ఫోన్లలో చెప్పుకున్నారు. మన కృష్ణా డెల్టాలో చదువుకున్నవాళ్లకు కొదవ లేదు. కానీ మన పాఠాలు మనం ఒకచోట పోగుచేసుకోలేదు. ఇది నాకు బాధగా ఉంది.

పట్టిక ఎందుకు టైపు చేశానో చెబుతానన్నాను. మన గ్రూపుల్లో పంచుకునేవాటిలో ఎక్కువ భాగం ఫొటోలు. ప్రశ్నపత్రం ఫొటో, నోట్సు ఫొటో. ఫొటోలో ఉన్న తెలుగు అక్షరం వెతికితే దొరకదు. కొందరు తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తారు, ఒకరు ‘పోటు’ను ఒకలా, మరొకరు మరొకలా రాస్తే అదీ దొరకదు. డీటీపీలో పాత ఫాంట్లతో చేసిన పుస్తకాలదీ అదే కథ. తెర మీద తెలుగులా కనిపిస్తుంది, కాపీ చేసి ఇంకోచోట పెడితే అర్థంలేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ముప్పై ఏళ్లు దాటినా మన టీచర్లలో చాలామంది తమ పాఠాన్ని అందులో రాయడం లేదు.

రేపల్లె పోయే దారిలో భట్టిప్రోలు ఉంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపం తవ్వినప్పుడు రాతి పెట్టెల మీద లేఖనాలు బయటపడ్డాయి. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మిలో ప్రత్యేకమైన రూపం, మన తెలుగు లిపి పూర్వరూపాల గురించి మాట్లాడేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెడతారు. రెండువేల ఏళ్లకు పైగా ఆ అక్షరాలు నిలిచాయి, ఎందుకంటే చెక్కినవాడు రాతిలోకి దింపాడు. మన పాఠాలు గ్రూపులో సాయంత్రానికి శుభోదయాల కింద పడి కనబడకుండా పోతున్నాయి. ఫోను మారితే పోతున్నాయి. గ్రూపు నడిపే సంస్థ తలుపు మూసినా పోతాయి. తెలుగు సాహిత్యం గురించి ఎన్నో ఏళ్లు సాగిన చర్చలున్న యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో మూతపడ్డాయి.

నిలిచినవీ ఉన్నాయి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలై ఇప్పటికీ నడుస్తోంది, దాన్ని రాసేవాళ్లు జీతం తీసుకోరు. పల్లెటూళ్లకు కూడా అందులో పేజీలున్నాయి. ఒక ఏడాది మా పిల్లల చేత తమ ఊరి పేజీ చదివించాను. చెరువు గురించి లేదు, రేవు గురించి లేదు అన్నారు. రాద్దామన్నాను. మూలం ఏదని వికీపీడియా అడుగుతుంది. మా నాయనమ్మ చెప్పింది టీచర్ అంటే కుదరదు. పిల్లలకు కోపమొచ్చింది. ఆ కోపంతోనే పంచాయతీ ఆఫీసుకు, గ్రంథాలయానికి పోయి పాత గెజిట్‌లు, పాత పత్రికలు చూశారు. ఏది విన్నమాట, ఏది రుజువున్నమాట అని వాళ్లు ఆ నెలలో నేర్చుకున్నంత నేను ఏ పాఠంలోనూ నేర్పలేదు. నాయనమ్మ మాటను కూడా పారేయలేదు. విడిగా రాసి, ఎవరు ఎప్పుడు చెప్పారో తారీఖుతో బడి లైబ్రరీలో పెట్టాం.

పాత పత్రికల సంగతి వచ్చింది గనక వేటపాలెం సారస్వత నికేతనాన్ని తలుచుకోవాలి. 1918లో మొదలైన ఆ గ్రంథాలయం ఇప్పుడు బాపట్ల జిల్లాలోనే ఉంది. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. అక్కడ దాచిన పాత పత్రికల కోసం దూరదూరాల నుంచి పరిశోధకులు వస్తారు. ఈ తెనాలి గడ్డ మీద 1909లో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు గారు ‘చందమామ’ను దాదాపు మూడు దశాబ్దాలు తీర్చిదిద్దారు. ఆ పత్రికను 1947లో నాగిరెడ్డి గారితో కలిసి మొదలుపెట్టిన చక్రపాణి గారూ తెనాలివారే. పాత చందమామల స్కానులు ఇవాళ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. తెలుగు టీచర్లు పిల్లల చేత ఒక కథ చదివించి, మీ అమ్మమ్మ ఈ కథ ఎలా చెబుతుందో రికార్డు చేసి తెమ్మని అడగవచ్చు. ఇద్దరు ముగ్గురు అలా చేస్తున్నారు, నేను విన్నాను, చాలా బాగుంది.

ఈ మధ్య యంత్రాన్ని ప్రశ్న అడిగితే పాఠం రాసిచ్చే సౌకర్యం కూడా వచ్చింది. యువ టీచర్లు వాడుతున్నారు. నిజాంపట్నం రేవులో పోటు గురించి అడిగి చూశాను. ఏ రేవుకైనా సరిపోయే మాటలు చెప్పింది. మా గెడ సంగతి దానికెలా తెలుస్తుంది? మేం ఎక్కడా రాయలేదు. యంత్రం తప్పు కంటే మన తప్పే ఎక్కువ అనిపించింది.

ఇక చివరి మాట, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. పాతూరి వారు పడవతో ఆగలేదు. గ్రంథపాలకుల్ని తయారు చేశారు. పుస్తకం ఎక్కడుందో, ఎవరు తీసుకెళ్లారో, ఎవరికి ఏది కావాలో తెలిసిన మనిషి లేకపోతే పుస్తకాల గుట్ట గ్రంథాలయం కాదని ఆయనకు తెలుసు. మన ఉపాధ్యాయ బృందాలన్నిట్లో గుట్ట ఉంది, గ్రంథపాలకుడు లేడు. వచ్చిన పాఠాన్ని చదివి, తప్పులు దిద్ది, తరగతి, అధ్యాయం, ఊరు, రాసినవారి పేరు వేసి, వెతికితే దొరికేలా తెరిచిన చోట పెట్టి, వాడినవాళ్లు ఏమన్నారో దాని కిందే చేర్చే మనిషి ఒకరు కావాలి. పిల్లల ముఖాల ఫొటోలు గ్రూపుల్లో పడకుండా ఆపే మనిషి కూడా ఆయనే కావాలి. ఆ పనికి టైము కావాలి. ఇవాళ టీచరు ఫోను హాజరు యాప్‌కు, భోజనం ఫొటోకు సరిపోతోంది. పై అధికారులు ఇక్కడ ఎవరైనా ఉంటే నా మనవి: మండలానికి ఒక టీచరుకు వారానికి ఒక్క పూట ఈ పనికి ఇవ్వండి. కొత్త పరికరం కొనమని అడగడం లేదు.

మా గ్రూపు వరకు నేనా పని మొదలుపెట్టాను. రిటైరయ్యాను గనక నాకు టైముంది. ఇప్పటికి ఆటుపోట్ల పాఠం, పసుపు సున్నం పాఠం, చింతగింజల భిన్నాలు తెలుగు అక్షరాల్లో, ఎవరైనా మార్చుకునే అనుమతితో సిద్ధంగా ఉన్నాయి. నాలుగోది కావాలి. గుమ్మం పక్కన బల్ల మీద ఒక నోటు పుస్తకం, రెండు పెన్నులు పెట్టాం. టీచర్లు వెళ్లేముందు మీ ఊరు, మీ తరగతి, ఈ ఏడాది మీ పిల్లలు అడిగితే మీరు జవాబు చెప్పలేకపోయిన ఒక ప్రశ్న అందులో రాయండి. వచ్చే ఆదివారం నుంచి వాటి మీద కూర్చుంటాం.